కట్ట మీది బాట

చెరువు కట్ట మీద సాయంకాలపు నడక అనగానే ఈ కాలంలో మనకు స్ఫురించేది విహారం. చల్లగాలి, రాతిబల్లలు, విద్యుద్దీపాలు, పిల్లలకు ఉయ్యాలలు - ఇవి ఉంటే కట్ట బాగుపడినదని, లేకుంటే పాడుపడినదని అనుకుంటాము. మన పూర్వులు ఈ మాట వింటే నవ్వుకొని ఉండేవారు. వారికి కట్ట మీది బాట ముఖ్యంగా విహారానికి కాదు. కట్టను కనిపెట్టి ఉండడానికి. మనుష్యులు నడిచినంతకాలం కట్టకు కాపలా ఉన్నట్లే. నడక నిలిచిననాడు కట్ట అనాథ అవుతుంది. ఈ చిన్న సత్యాన్ని మా మడకశిర సీమను, దాని ఇరుగుపొరుగును దృష్టిలో పెట్టుకొని కొంచెం విచారిద్దాము.

మడకశిర పూర్వపు అనంతపురం జిల్లాకు దక్షిణపు కొన. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మూడు ప్రక్కలా కర్ణాటక దేశమే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలుకు సగటున పడే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఏడాది పొడుగునా సమంగా పడదు. చాలా భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, కొద్దిపాటి దినాలలో, ఒక్కుమ్మడిగా కురుస్తుంది. పది నెలలకు చాలవలసిన నీరు నాలుగు రాత్రులలో వంకలు పొర్లి పల్లానికి పోతుంది. అడ్డు కట్టి ఆపుకొన్నవాడికే అది నీరు. ఆపుకొననివాడికి వరద మాత్రమే. ఇంతటి మెట్టసీమలో అమరాపురం, రొళ్ళ, గుడిబండ ప్రాంతాలలో వక్కతోటలు పచ్చగా కనబడుతున్నవంటే ఆ పచ్చదనంలో చెరువులకూ, వాటి ఊటతో బ్రతికే బావులకూ గొప్ప పాలు ఉన్నది. అమరాపురం చేరువనే ఉన్న హేమావతి 9, 10 శతాబ్దాలలో నొళంబ రాజులకు రాజధాని. వాన తక్కువైన భూమి మీద ఒక రాజధాని నిలిచి, అంత నాజూకైన శిల్పం వెలసినదంటే ఆ కాలపు జనం నీటిని నిలుపుకొనడం ఎరిగినవారే అయి ఉండాలి.

విజయనగర రాజుల కాలం వచ్చేసరికి ఈ విద్య శాస్త్రమై శాసనాలకెక్కినది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేటికి అడ్డంగా కట్ట వేయించి పెద్ద చెరువు నిర్మించినాడు. కట్టకు ఒక కొసను బుక్కరాయసముద్రం, మరొక కొసను అనంతపురం వెలసినవి. రెండవది రాణిగారి పేరని స్థానిక కథనం. అంటే నేటి అనంతపురం నగరం ఒక చెరువు కట్ట కొసను పుట్టిన ఊరు. ముందు కట్ట, తరువాత ఊరు. ఈ వరుసను మనం మరచినాము.

దీనికి అయిదేండ్ల అనంతరం, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్ళలో మరొక చెరువు కట్టించి శాసనం వేయించినాడు. వేయిమంది కూలీలు ప్రతిదినం పనిచేయగా, రాతిపనికి నూరు బండ్లు నడువగా, రెండు సంవత్సరాలకు పని ముగిసినదని ఆ శాసనం చెప్పుతున్నది. అంతకంటె విలువైనది ఇంకొకటి అందులో కలదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అందులో లెక్కించినారు. గట్టి నేల, చెరువుకు ఆనుకొన్న కొండ, కొండల నడుమ మరీ పొడుగు కాని దృఢమైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, పని తెలిసిన మనుష్యులు - ఇవి అంగాలలో కొన్ని. ఇక దోషాలు: కట్ట నుండి నీరు స్రవించడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట.

ఈ ఆరింటిలో రెండు మా మడకశిరకు ప్రత్యేకంగా తగులుతవి. సరిహద్దు దోషం ఒకటి. ఎగువ నీరు ఒక రాష్ట్రానిది, దిగువ చెరువు మరొక రాష్ట్రానిది అయినప్పుడు ఎంత చక్కని కట్ట అయినా ఇరుపక్కల సఖ్యత లేనిదే నిండదు. ఆరున్నర శతాబ్దాల క్రిందటి మాట నేటికీ చెల్లుతున్నది. రెండవది నీరు స్రవించడం. ఆరు దోషాలలో చెరువు పుట్టిన తరువాత పుట్టుకొని రాగలదీ, మనిషి కంటపడితే చక్కదిద్దుకొనదగినదీ ముఖ్యంగా ఇదొక్కటే. అది కంటపడవలెనంటే కట్ట మీదా, కట్ట దిగువనా మనిషి నడవాలి.

కట్ట వెలుపలి వాలులో ఎక్కడో చెమ్మ కనబడుతుంది. కారే నీరు తేటగా ఉంటే కొంత వ్యవధి ఉన్నట్లు లెక్క. అది బురదరంగు తేలినదా, కట్ట లోపలి మన్ను కొట్టుకొనిపోతున్నదని అర్థం. అప్పుడు గడియలు లెక్కించుకొనవలసినదే. ఎలుకలూ, ఎండ్రకాయలూ తవ్వే బొరియలు, బండిచక్రాల గాడి పడి కట్ట తల క్రుంగిన చోట్లు, అలల తాకిడికి జారిన రాళ్ళు - ఇవన్నీ గండికి తొలి అడుగులు. వీటిని కనుగొనడానికి యంత్రం అక్కరలేదు. దినమూ అదే బాటన నడిచే మనిషి నిన్నటికీ నేటికీ ఉన్న భేదాన్ని ఇట్టే పట్టగలడు. ఆ మనిషే మన గ్రామాల నీరుగంటి. తూము తెరవడం, మూయడం, మడి మడికీ నీరు వంతులు వేయడం అతని పని అని మనమెరుగుదుము. కట్ట వెంట తిరిగే అతని కళ్ళు కూడా ఊరి ఆస్తియే.

నీరుగంటికి తోడు దశబంధ మాన్యాలు ఉండేవి. చెరువు కట్టించినవారికి, మరమ్మతు బాధ్యత వహించినవారికి భూమి ఇచ్చే ఏర్పాటు అది. ఇక వానకాలానికి ముందు ఊరివారందరూ కట్ట మీదికి మన్ను మోసే ఆచారం - కుడిమరామత్తు - ఉండేది. ఆంగ్లేయుల పాలనలో ఈ ఏర్పాట్లు క్రమక్రమంగా సడలినవి. 1858లో ప్రభుత్వం మద్రాసు రాజధానికి ఒక చట్టం చేసి, గండిపడే ప్రమాదం వచ్చినపుడు గ్రామస్థులు శ్రమ చేసి తీరవలెనని, ఆచారంగా చేసే పనులు ఎగగొట్టరాదని శాసించవలసి వచ్చినది. ఆచారం బలంగా ఉన్నచోట చట్టంతో పని లేదు. చట్టం వచ్చినదంటేనే ఆచారం చెడినదనుకోవాలి. 1876-78 నాటి ఘోరమైన కరవు రాయలసీమను తుడిచిపెట్టినపుడు, మరమ్మతు లేని చెరువు ఎంత ప్రియమైన వస్తువో జనానికి తెలిసివచ్చినది.

కట్టకూ మనిషికీ గల సంబంధాన్ని ఈ సీమ ప్రజలు ఒక కథలో దాచుకొన్నారు. బుక్కరాయసముద్రం కట్టకు గండిపడనున్నది. ఊరు కొట్టుకొనిపోకుండా ఉండాలంటే ఒక రైతుకుటుంబపు కోడలు ముసలమ్మ ఆత్మార్పణ చేయవలెనని అశరీరవాణి పలికినది. ఆమె తనవారి వద్ద సెలవు తీసుకొని గండిలోకి నడిచిపోయినది. నేటికీ ఆ కట్ట ముసలమ్మ కట్టయే. డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థి దశలోనే ఈ కథను తీసుకొని ‘ముసలమ్మ మరణము’ కావ్యం రచించినారు. ఆ త్యాగానికి చేతులు జోడిస్తూనే మనం ఒక ప్రశ్న వేసుకొనవచ్చును. గండి ఒక్క రాత్రిలో పుట్టదు. ఆ చెమ్మను పదిరోజుల ముందు ఎవరైనా చూచి, నాలుగు గంపల మన్ను వేసి ఉంటే ఒక ఇంటి కోడలు ప్రాణం ఇవ్వవలసి వచ్చేదా? ఊరందరూ పంచుకొనవలసిన శ్రమను పంచుకొనకపోతే ఆ బరువు చివరకు ఒక్కరి మీద, అందులోనూ ఎదురు చెప్పలేనివారి మీద పడుతుంది. ఆ కథలో మనకు మిగిలిన హెచ్చరిక ఇదే.

నగరాల సంగతి చూద్దాము. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన వెలసిన హుస్సేన్‌సాగర్ కట్ట హైదరాబాదు, సికింద్రాబాదులను కలిపే రహదారి అయినది. 1946-47లో దివానుగా ఉన్న సర్ మీర్జా ఇస్మాయిల్ ఆ బాటను వెడల్పు చేయించినారు. 1980వ దశకంలో తెలుగు మహనీయుల విగ్రహాలు వెలసినవి. 1992లో సాగరం నడుమ బుద్ధ విగ్రహం నిలిచినది. దేశంలో ఇంత ప్రసిద్ధమైన కట్ట మరొకటి అరుదు. అయితే బాట బాగుపడినంతగా నీరు బాగుపడలేదు. కాలువల వెంట నగరపు మురుగు వచ్చి చేరుతూనే ఉండినది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పథకం కొంత వేరు దారి పట్టినది. ముందు పూడిక తీసి, తూములు, కట్టలు మరమ్మతు చేసి, ఆ మీదట కొన్ని పట్టణాల చెరువులను చిన్న ట్యాంక్‌బండ్‌లుగా తీర్చిదిద్దినారు. పనుల వరుస ఇది కావడం గమనింపదగినది.

మడకశిర ప్రాంతానికి ఇప్పుడు ఒక క్రొత్త అవకాశం వచ్చినది. హంద్రీ-నీవా పథకపు మడకశిర ఉపకాలువ ద్వారా కృష్ణా నీటిని ఇటు తెచ్చుకొన్నాము. వందల మైళ్ళ నుండి, ఎంతో ఎత్తుకు తోడి తెచ్చిన నీరు అది. దానిని నిలుపవలసిన కట్టల మీద సీమతుమ్మ ముళ్ళు మొలచి మనిషికి దారి ఈయకపోతే, ఆ ముళ్ళ క్రింద ఏమి కారుతున్నదో ఎవరు చూస్తారు? కరవుసీమకు వరద భయం లేదనుకొనరాదు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలోనే వంక పొంగి కాలనీలు నీట మునిగినవి.

కనుక కట్టను బాగుచేయ తలపెట్టినవారు ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. ముళ్ళకంప వేళ్ళతో సహా తీసి, బొరియలు త్రవ్వి, జిగటమన్నుతో దిమ్మిస కొట్టి పూడ్చాలి. క్రుంగిన తలను సమం చేసి, జారిన రాళ్ళు తిరిగి పేర్చాలి. మరవకు అడ్డం లేకుండా చూడాలి. నీరు ఎక్కువ నిలుపుకొందామన్న ఆశతో మరవ మీద ఇసుకమూటలు వేయరాదు. కట్ట మీద నీడకోసం పెద్ద చెట్లు నాటరాదు. ఆ చెట్టు చచ్చిన నాడు కుళ్ళిన వేళ్ళు నీటికి దారులవుతవి. వాలున గరిక పెంచి, చెట్లను కట్టకు దూరంగా నాటుకొనాలి. ఆ తరువాత బాట, బల్లలు, దీపాలు సుఖంగా ఏర్పాటు చేసుకొనవచ్చును. అవి కూడా అనవసరమని మేము అనము. ఆడవారు, ముసలివారు భయం లేక నడవగల దీపపు వెలుగు ఉంటే నడిచేవారు పెరుగుతారు. నడిచేవారు పెరిగితే కట్టకు కళ్ళు పెరుగుతవి.

రేపు సాయంకాలం మీ ఊరి కట్ట మీదికి వెళ్ళినపుడు నీటి అందం తప్పక చూడండి. తిరిగి వచ్చేటపుడు ఒక్కసారి రెండవ ప్రక్కకు, కట్ట దిగువకు కూడా చూడండి. చెమ్మ కనబడితే నలుగురికి చెప్పండి. పూర్వం నీరుగంటి చేసిన పని ఇంతే. ఆ కట్ట క్రింద మన ఊరు ఉన్నది.