మీటర్ చూపించే 14.7 నిజమేనా? లాంబ్డా సెన్సార్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక పిస్టన్‌తో మొదలుపెడదాం.

నా టేబుల్ మీద ఎప్పుడూ ఉండే ఈ పిస్టన్ మీరు పాత వీడియోల్లో చూసే ఉంటారు. దీని నెత్తి మీద వేలు దూరేంత బొక్క ఉంది చూడండి. ఇది నా బీటెక్ ఫ్రెండ్ కారుది. పాత సెడాన్ కొని, దానికి టర్బో వేయించాడు. డాష్‌బోర్డ్ మీద రంగురంగుల లైట్ల మీటర్ ఒకటి పెట్టించుకున్నాడు. "ఎయిర్-ఫ్యూయల్ మీటర్ ఉంది కదా బ్రో, ఇంక భయమేంటి" అనేవాడు. మూడు వారాలు తిరిగాడు. ఒకరోజు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజిన్ పోయింది. పోయే నిమిషం వరకు ఆ మీటర్ "రిచ్", అంటే పెట్రోల్ సరిపోను ఉంది అనే చూపించింది.

మరి మీటర్ అబద్ధం చెప్పిందా? లేదు. అది నిజమే చెప్పింది. మావాడు అడగాల్సిన ప్రశ్న వేరు, ఆ మీటర్‌కి తెలిసిన జవాబు వేరు. ఇది అర్థం కావాలంటే 120 ఏళ్లకు పైగా వెనక్కి, జర్మనీకి వెళ్లాలి.

వాల్థర్ నెర్న్‌స్ట్. ఇంటర్ కెమిస్ట్రీలో నెర్న్‌స్ట్ ఈక్వేషన్ బట్టీ కొట్టాం కదా, ఆయనే. 1920 సంవత్సరానికి కెమిస్ట్రీ నోబెల్ కూడా ఆయనదే. 1890ల చివర్లో ఈయన కొత్త రకం దీపం కనిపెట్టాడు. అందులో వెలిగేది జిర్కోనియా అనే సిరామిక్, అందులో కొంచెం యిట్రియా. మామూలుగా సిరామిక్ కరెంటును పోనివ్వదు. కానీ దీన్ని బాగా వేడి చేస్తే దాని లోపల నుంచి ఆక్సిజన్ అయాన్లు కదలడం మొదలుపెడతాయి. అందుకే ఆ దీపాన్ని ముందు వేడి చేసి, తర్వాత వెలిగించాల్సి వచ్చేది. మన బల్బులు వచ్చాక ఆ దీపం మూలన పడింది. ఆ సిరామిక్ మాత్రం బతికింది. ఇప్పుడు మీ కారు సైలెన్సర్ గొట్టంలో ఉన్నది దాదాపు అదే పదార్థం.

దీపం నుంచి సైలెన్సర్‌కి ఎలా వచ్చింది? పొగ వల్ల. 1943 జులైలో లాస్ ఏంజెలెస్ మీద కళ్లు మండే పొగ కమ్మేసింది. యుద్ధం రోజులు కదా, జపాన్ వాళ్లు గ్యాస్ దాడి చేశారేమో అని కూడా జనం భయపడ్డారు. తర్వాత 1950ల మొదట్లో కాల్‌టెక్ కెమిస్ట్ ఏరీ హాగెన్-స్మిట్ అసలు సంగతి బయటపెట్టాడు. కార్ల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే వాయువులు ఎండలో కలిసి ఆ పొగ అవుతోందని. 1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చి, కార్ల కాలుష్యం 90 శాతం తగ్గించాలంది.

దానికి దొరికిన మందు త్రీ-వే క్యాటలిటిక్ కన్వర్టర్. మూడు రకాల విషాలను ఒకేసారి శుభ్రం చేస్తుంది. కానీ దానికో పట్టింపు ఉంది. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఎంత గాలి కావాలో సరిగ్గా అంతే ఇవ్వాలి. స్వచ్ఛమైన పెట్రోల్‌కైతే ఒక కిలోకి సుమారు 14.7 కిలోల గాలి. ఈ సరిసమాన స్థితినే లాంబ్డా 1 అంటారు. అంతకంటే పెట్రోల్ ఎక్కువైతే రిచ్, గాలి ఎక్కువైతే లీన్. నడిచే కారులో ఈ లెక్క ప్రతి క్షణం ఎవరు చూస్తారు? అక్కడ నెర్న్‌స్ట్ సిరామిక్ పనికొచ్చింది. ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క ఇంజిన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్ తేడా ఉంటే వోల్టేజ్ పుడుతుంది. ఆయన ఈక్వేషనే!

బాష్ కంపెనీ 1976లో ఈ సెన్సార్ల తయారీ మొదలుపెట్టింది. అమెరికాలో అమ్మిన వోల్వో కార్లలో ముందుగా వచ్చింది. వోల్వో వాళ్లకి ఎంత గర్వమంటే, కారు ముందు గ్రిల్ మీద "లాంబ్డా సోండ్" అని బ్యాడ్జ్ కొట్టారు. మనం టర్బో బ్యాడ్జ్ కొట్టుకున్నట్టు, వాళ్లు పొగ సెన్సార్ బ్యాడ్జ్ కొట్టుకున్నారు!

మన దగ్గరికి ఇది ఆలస్యంగా రావడానికి ఒక కారణం సీసం. పెట్రోల్‌లో సీసం ఉంటే కన్వర్టర్, సెన్సార్ రెండూ చచ్చిపోతాయి. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నైలలో సీసం లేని పెట్రోల్ 1995లో వచ్చింది. దేశమంతా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ పాత సెన్సార్ని నారోబ్యాండ్ అంటారు. లీన్ అయితే సుమారు 0.1 వోల్ట్, రిచ్ అయితే సుమారు 0.9 వోల్ట్. లాంబ్డా 1 దగ్గర ఒక్కసారిగా దూకుతుంది. అంటే మన కోడింగ్ భాషలో ఇది బూలియన్. ట్రూ లేదా ఫాల్స్. పప్పు రుచి చూసి "ఉప్పెక్కువైంది" అని చెప్పగలదు, ఎన్ని చెంచాలు ఎక్కువైందో చెప్పలేదు. కన్వర్టర్‌కి ఆ మాట చాలు. కంప్యూటర్ కొంచెం తగ్గిస్తుంది, కొంచెం పెంచుతుంది, అలా 1 చుట్టూ ఊగుతూ ఉంటుంది.

కానీ టర్బో ఇంజిన్ ఫుల్ బూస్ట్‌లో ఉన్నప్పుడు 14.7 దగ్గర నడపం. పెట్రోల్ స్కేల్‌లో చాలామంది 11.5, 12 దగ్గర పెడతారు. ఎక్కువ పెట్రోల్ సిలిండర్‌ని చల్లబరుస్తుంది. అదే బూస్ట్‌లో 13.5 అయితే వేడి, నాకింగ్ పెరిగి పిస్టన్ కరగొచ్చు. చిక్కేంటంటే 11.5 అయినా, 13.5 అయినా నారోబ్యాండ్ ఒకటే మాట చెబుతుంది: "రిచ్". మావాడి పిస్టన్‌కి బొక్క పడింది ఇందుకే. పంప్ నుంచి పెట్రోల్ తగ్గుతూ వస్తోంది, లైట్లు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి.

బూలియన్‌ని ఫ్లోట్‌గా మార్చిందే వైడ్‌బ్యాండ్. 1992 హోండా సివిక్ వీఎక్స్‌లో ఎన్‌టీకే ఐదు వైర్ల సెన్సార్ వాడారు. ఆ కారు మైలేజ్ కోసం బాగా లీన్‌గా నడిచేది కాబట్టి అవునా-కాదా సరిపోలేదు, నంబర్ కావాల్సి వచ్చింది. తర్వాత 1994లో బాష్ ఎల్‌ఎస్‌యూ వచ్చింది. పద్ధతి భలే ఉంటుంది. ఇంటి మీద ట్యాంక్ అనుకోండి. నీటి మట్టం ఎప్పుడూ ఒకే గీత దగ్గర ఉండాలి. తగ్గితే మోటర్‌తో నింపుతాం, పెరిగితే తోడేస్తాం. మోటర్‌కి ఎంత కరెంటు పట్టిందో చూస్తే, నీళ్లు ఎంత తేడా వచ్చాయో తెలిసిపోతుంది. వైడ్‌బ్యాండ్‌లో చిన్న గది ఉంటుంది, దాన్ని ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గర ఉంచేలా ఒక సెల్ ఆక్సిజన్‌ని లోపలికో బయటికో పంప్ చేస్తుంది. ఆ కరెంటే మన రీడింగ్.

ఇంతకుముందు ఈ నంబర్ కావాలంటే ఖరీదైన ల్యాబ్ ఎనలైజర్ కావాలి, లేదంటే స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూసి ఊహించాలి. 2000ల్లో ఇన్నోవేట్, ఏఈఎమ్ లాంటి కంపెనీల మీటర్లతో అది మన డాష్‌బోర్డ్ మీదికి వచ్చింది.

సరే, కొనాలంటే ఏం చూడాలి? డయల్ అందం చివర్లో చూడండి. ముందు, లోపల ఏ సెన్సార్ అని అడగండి. పాత ఎల్‌ఎస్‌యూ 4.2 అయితే అప్పుడప్పుడు విప్పి బయటి గాలిలో క్యాలిబ్రేట్ చేయాలి. 4.9 అయితే ఆ గోల లేదు. రెండోది, రీడింగ్ మీ ఈసీయూకి లాగ్ అవ్వాలి. ఫుల్ థ్రాటిల్‌లో రోడ్డు చూడాలి గానీ మీటర్ కాదు! 0-5 వోల్ట్ వైర్‌లో గ్రౌండ్ సరిగా లేకపోతే తప్పు నంబర్ పోతుంది, క్యాన్ ఉంటే ఆ బాధ ఉండదు. మూడోది, బిగింపు. టర్బో తర్వాత పెట్టండి, కొన కిందికి వాలేలా, లేదంటే నీటి చుక్క పడి సిరామిక్ పగులుతుంది. పవర్ లేకుండా సెన్సార్‌ని పొగలో వదిలేయకండి, మసి పట్టి పాడవుతుంది. ఇంకోటి, ఇది చూసేది పొగలో ఆక్సిజన్‌ని. గొట్టం లీకైనా, ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అయినా "లీన్" అని చూపిస్తుంది. దాన్ని నమ్మి పెట్రోల్ పెంచేయకండి.

చివరిగా, టైటిల్‌లో అడిగిన 14.7. మన బంకుల్లో ఇప్పుడు ఈ20 కదా. ఇథనాల్‌కి కిలోకి 9 కిలోల గాలి చాలు. కాబట్టి ఈ20కి సరైన లెక్క సుమారు 13.5. అయినా మీ మీటర్ 14.7 అనే చూపిస్తుంది! ఎందుకంటే అది కొలిచేది లాంబ్డాని. దాన్ని పెట్రోల్ లెక్కన 14.7తో గుణించి మనకి చూపిస్తుంది, అంతే. అందుకే సెట్టింగ్స్‌లో లాంబ్డా పెట్టుకోండి. ఏ ఇంధనమైనా 1 అంటే 1.

మావాడు ఇంజిన్ మళ్లీ కట్టించుకున్నాడు. ఈసారి ముందు వైడ్‌బ్యాండ్, ఆ తర్వాతే బూస్ట్. పిస్టన్ మాత్రం నాకిచ్చేశాడు, "నీ వీడియోల్లో నలుగురికి చూపించరా" అని. చూపించాను. మీ బండిలో ఏ మీటర్ ఉంది, దాని లోపల ఏ సెన్సార్ ఉంది? కనుక్కుని కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.