అంచనాకీ అసలు ఖర్చుకీ నడుమ

కలకత్తాలో ఉద్యోగం చేసిన మనవాళ్ళకి గార్డెన్ రీచ్ షిప్‌యార్డు కొత్తేమీ కాదు. 1960లో ప్రభుత్వం చేతికొచ్చింది. మరుసటి ఏడాదే ‘అజయ్’ను నౌకాదళానికి అప్పగించింది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి యుద్ధనౌక అదే.

నేను చెప్పదలచుకున్నది అక్కడే కట్టిన నాలుగు కమోర్తా తరగతి కార్వెట్ల లెక్క. 2003లో మంజూరైంది 3,051 కోట్లు. తర్వాత సవరించిన మొత్తం 7,852 కోట్లు, అంటే రెండున్నర రెట్లు!

ఇలా ఎందుకవుతుంది? డ్రాయింగులు లేని తొలిదశలో అంచనా కట్టేది ఎక్కువగా బరువును బట్టి, పాత నౌకల ఖర్చును బట్టి. కానీ యుద్ధనౌక ఖరీదంతా ఉక్కులో లేదు; ఆయుధాల్లో, సోనార్లలో, రాడార్లలో ఉంది. అవి ఖరారు కాకముందే అంకె వేయాలి. పైగా ఉక్కు కూడా సమయానికి అందలేదు. చివరికి మన హైదరాబాదు డి.ఎం.ఆర్.ఎల్. రూపొందించిన ఉక్కు అక్కరకొచ్చింది.

ఉపగ్రహాలకీ మొదట్లో ఇదే పద్ధతి: కిలోల లెక్క. అయితే 2012లో మంజూరైన మంగళయాన్ 450 కోట్లలోనే పూర్తయి, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి ఎగిరింది. కారణం, అప్పటికే ఎగిరి నిరూపించుకున్న ఉపగ్రహ చట్రాన్నీ, పి.ఎస్.ఎల్.వి.నీ వాడుకోవడం. తెలియనివి తక్కువైతే అంచనా నిలబడుతుంది.

కమోర్తా 2014 ఆగస్టు 23న మన విశాఖలోనే నౌకాదళంలో చేరింది. నాలుగోదైన కవరత్తి 2020లో వచ్చింది. ఫైలు మీద మొదటి అంకె వేసే యువ అధికారులకి నా మనవి ఒక్కటే: ఆ అంకె పక్కనే, ఇంకా తేలని అంశాలేవో కూడా రాయండి.