గుత్తపత్రంలో లేని పల్లె

మడికొండ అనగానే గుట్ట మీది గుడినో, కాళోజీ పెరిగిన ఊరనో చెప్పడం పరిపాటి. ఈ ఊరివాడిగా నేను రైలుపట్టాలను కూడా కలపమంటాను. పక్కనే ఉన్న కాజీపేట మీదుగా 1889 నాటికి బెజవాడ చేరిన నైజాం రైలు ప్రయాణికుల కోసం మాత్రమే వేసింది కాదు. ఇల్లెందు బొగ్గు కోసం కూడా.

ఆ బొగ్గు ఎవరిది? 1883లో చాందా రైలు పథకం వివరాలు జనం ముందుంచాలని ఆందోళన చేసినందుకు అఘోరనాథ్ ఛటోపాధ్యాయను హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. మూడేళ్లకు, 1886లో, రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ల గుత్త వాట్సన్, స్టీవార్ట్‌లకు దక్కింది. కంపెనీ మూలధనం పది లక్షల పౌన్లు. అందులో ఎనిమిదిన్నర లక్షల వాటాలను గుత్తదారులు పైసా కట్టకుండా సొంతం చేసుకున్నారు. బేరం నడిపిన నిజాం అధికారి అబ్దుల్ హక్ తన చేతికొచ్చిన వాటాలను నిజాం సర్కారుకే అమ్మాడు! 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. సర్కారు ఎంత మోసపోయింది, వాటాదారు ఎంత మోసపోయాడు అన్నదే దాని గొడవ. నేల కింద బొగ్గున్న పల్లె అందులో కక్షిదారు కాదు.

పల్లె న్యాయస్థానంలో నిలబడడానికి నూరేళ్లకు పైగా పట్టింది. విశాఖ మన్యంలో బొర్రా ప్రాంతపు గనుల మీద ‘సమత’ సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు ప్రభుత్వం సైతం గనుల కోసం ఇవ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది. గని నడిస్తే నికరలాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అభివృద్ధికి శాశ్వతనిధిగా ఉంచమన్నది. బొగ్గు లాభంలో 26 శాతం పంచాలన్న 2011 నాటి బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. 2015 సవరణతో జిల్లా ఖనిజనిధి వచ్చింది. అందులో జమయ్యేది వేలంలో పొందిన గనుల రాయల్టీ మీద 10 శాతం, పాత లీజుల మీద 30 శాతం.

లాభం అన్న మాట పోయి రాయల్టీ అన్న మాట వచ్చింది. సాహిత్య విద్యార్థులు ఈ మాటల మార్పును పట్టించుకోవాలి. లాభంలో వాటా అంటే పల్లె భాగస్వామి. రాయల్టీ అంటే, పేరులోనే ఉంది, రాజుకు చెల్లే సొమ్ము. అది పన్ను కాదనీ, గుత్తదారు యజమానికిచ్చే ప్రతిఫలమనీ 2024 జూలైలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 తేడాతో చెప్పింది కూడా. సింగరేణి కార్మికులు లాభాల వాటా సాధించుకున్నారంటే దాని వెనుక సంఘాలున్నాయి. భూమి పోయినవాడికి ఏ సంఘం ఉంది?

మన రచయితలు గనిలోకి దిగారు, కార్మికుడి చెమటను రాశారు. గుత్తపత్రాన్ని చదివినవారు తక్కువ. మా వైపు గుట్టల గ్రానైటును 1957 చట్టం భాషలో ‘చిన్న ఖనిజం’ అంటారు.