కోఠీ మేడ... కిట్టీ కన్నీళ్లు

తలుపు తెరుచుకుంది. లోపలంతా చల్లగా ఉంది. మందపాటి ఇటుక గోడలున్న పాత ఇళ్లలో ఉండే చల్లదనం అది.

1840ల నాటి మాట. ఇంగ్లాండులో రెడింగ్ పట్నానికి దగ్గర్లో స్వాలోఫీల్డ్ పార్క్ అనే మేడ. చుట్టూ పచ్చిక, పెద్ద పెద్ద చెట్లు. ఆ చుట్టుపక్కల స్నేహితుల ఇంటికి వచ్చిన ఒకావిడ మేడ చూద్దామని లోపలికి అడుగు పెట్టింది. వయసు నలభైకి అటూ ఇటూ. సైనికాధికారి భార్య. ఊరికి మిసెస్ ఫిలిప్స్, దగ్గరివాళ్లకి కిట్టీ.

ఆ ఇంట్లో చూడాల్సినవి చాలా ఉన్నాయి. విలియం టాల్మన్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి 1689 ప్రాంతంలో కట్టిన ఇల్లది. కోడిగుడ్డు ఆకారంలో ఆయన తీర్చిన నడవా చూసి జనం ముచ్చటపడేవారు. కిట్టీ చూపు మాత్రం గోడ మీదున్న ఒక పటం దగ్గర ఆగిపోయింది.

పటంలో ఇద్దరు పిల్లలు. మెట్ల మీద నిలబడ్డారు. పిల్లాడికి జరీ అంచు ఎర్ర జామా, తల మీద బంగారు టోపీ, మెడలో ముత్యాల దండలు, కాళ్లకి మొన వంపు తిరిగిన జోళ్లు. ఒక్క అడుగు వెనగ్గా చెల్లెలు. ఇంగ్లాండు పిల్లల్లా లేరు. హైదరాబాదు నవాబుల ఇంటి బిడ్డల్లా ఉన్నారు.

కిట్టీ భోరుమంది.

ఆ పటంలో ఉన్న చెల్లెలు ఆమే.

ముప్పై అయిదేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. హైదరాబాదు. మూసీ ఒడ్డు. ఎండ మాడ్చేస్తోంది. సున్నం వాసన, తాపీల చప్పుడు. ఒక మేడ లేస్తోంది.

కట్టిస్తున్నవాడు నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, జేమ్స్ అకిలీస్ కర్క్‌ప్యాట్రిక్. హైదరాబాదీ దుస్తులు వేసుకుని, ఖైరున్నీసా అనే గొప్పింటి పిల్లని నిఖా చేసుకున్నవాడు. కంపెనీ పెద్దలకి ఆ పెళ్లి గొంతులో ముల్లు. ఆయన లెక్కచెయ్యలేదు. స్థలం కావాలని నిజాం అలీ ఖాన్‌కి నక్షా పంపితే, ఆ కాగితం సైజు చూసి నిజాం హడలిపోయి కుదరదన్నాడట. అదే నక్షాని చిన్న చీటీ మీద గీసి పంపితే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడట. ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది.

మేడకి రూపం ఇచ్చింది మద్రాసు ఇంజినీర్ల దళంలో లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఇంగ్లాండు పల్లెల్లో ప్రభువులు కట్టుకునే మేడలకి తీసిపోకూడదని, ఎదర ఆరు కొరింథియన్ స్తంభాలు ఆకాశంలోకి లేపి, వాటికి అద్దంలా మెరిసే సున్నపు గార పట్టించి, ముందు 20కి పైగా మెట్లు దించి, మెట్లకి అటొకటి ఇటొకటి సింహాన్ని కూర్చోబెట్టి, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు తెరిచి, వెనకమాల మాత్రం పరాయి మగవాడి కంటపడకుండా ఎత్తు గోడల మధ్య ఖైరున్నీసాకి రంగ్‌మహల్ అనే జనానా అమర్చారు. ముందు వైపు ఇంగ్లాండు. వెనక వైపు హైదరాబాదు. నడుమ ఘోషా.

ఘోషాలో ఉన్న బేగం ఎదరికి వచ్చి మేడ చూడలేదు కదా. అందుకని అచ్చు అలాంటిదే బొమ్మమేడ ఒకటి ఆవిడ తోటలోనే కట్టించాడని చెబుతారు.

అసలు మేడ పూర్తి కాలేదు. పిల్లల ప్రయాణం ముంచుకొచ్చింది.

1805. కొడుకు సాహెబ్ ఆలంకి నాలుగేళ్లు. కూతురు సాహెబ్ బేగంకి మూడు. చదువు కోసం ఇంగ్లాండులో తాతగారింటికి పంపాలని తండ్రి తేల్చేశాడు. మద్రాసులో జార్జి చినెరీ అనే చిత్రకారుడి ముందు ఇద్దర్నీ నిలబెట్టి బొమ్మ గీయించారు. పిల్లలు ఓడెక్కారు. పటం ఒడ్డునే ఉండిపోయింది.

ఆ అక్టోబరు 15న కలకత్తాలో తండ్రి కన్నుమూశాడు. పిల్లలింకా నడిసముద్రంలోనే ఉన్నారు.

దిగగానే పేర్లు మారాయి. సాహెబ్ బేగం క్యాథరిన్ అయింది, కిట్టీ అయింది. అన్న విలియం అయ్యాడు. 1828లో చనిపోయాడు. అమ్మ తరఫు వాళ్లకి ఉత్తరం ముక్క రాయకూడదని ఆంక్ష. మరి మద్రాసు ఒడ్డున మిగిలిన పటం స్వాలోఫీల్డ్ గోడకెలా ఎక్కింది?

ఇంటి యజమాని సర్ హెన్రీ రస్సెల్. మేడకి రూపం ఇచ్చిన రస్సెల్ వేరు. ఒకప్పుడు కర్క్‌ప్యాట్రిక్ దగ్గర సహాయకుడు. ఆయన పోయాక ఖైరున్నీసాకి దగ్గరయ్యాడు. ఆ సంగతి గుప్పుమంది. బేగం హైదరాబాదులో కాలు పెట్టకూడదన్నారు. ఆవిడ మచిలీపట్నం చేరి, సముద్రపు హోరు వింటూ అతని కోసం ఎదురుచూసింది. వస్తానన్నవాడు 1808లో మద్రాసులో వేరే పిల్లని పెళ్లాడాడు.

ద్రోహం. దానికి ఇంకో పేరు లేదు.

1811లో అతనే హైదరాబాదు రెసిడెంటయ్యాడు. ఆ ఆరు స్తంభాల మేడలోనే కాపురం. 1813 సెప్టెంబరు 22న ఖైరున్నీసా చనిపోయింది. ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. రస్సెల్ కుటుంబం 1820లో స్వాలోఫీల్డ్ కొంది. రస్సెల్ చేతికొచ్చిన పటం ఆ గోడకెక్కింది.

ఆ ఇంటికి తెలుగు నేలతో అంతకు ముందే ముడి ఉంది. రస్సెల్ కుటుంబం కంటే నూరేళ్ల ముందు ఆ మేడ కొన్నవాడు మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ పిట్. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన 410 క్యారెట్ల వజ్రాన్ని అమ్ముకుని కోటికి పడగెత్తినవాడు. వజ్రం పేరు చెప్పి ఆ ఇంటికి ఎంత కీర్తో. ఆ గోడకున్న బిడ్డ సంగతి ఎవరికీ పట్టలేదు.

పటం చూసిన ఆ రోజుల్లోనే కిట్టీకి ఇంకో కబురు అందింది. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా బతికే ఉంది.

ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలికి పారసీ రాదు, అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఒకరు తర్జుమా చెయ్యాలి. అలాంటి ఉత్తరంలో మూడేళ్లప్పుడు వదిలేసిన ఇంటి గురించి ఏం రాస్తుంది?

కాకినాడ దగ్గర ఉప్పాడలో కెరటం ఇల్లు కోసుకుపోయాక, ఇంటావిడ గట్టున రాళ్ల మీద నిలబడి నీళ్లలోకి వేలు చూపిస్తుంది. అదుగో, అక్కడే మా పొయ్యి ఉండేదంటుంది. ఆ వారనే మంచం వేసుకునేవాళ్లమంటుంది. గోడలు పోతాయి. ఆనవాళ్లు పోవు. కిట్టీ ఇల్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. సముద్రం ఆమెనే పట్టుకుపోయింది.

ఆమె కూడా అలాగే వేలు చూపించింది. దర్జీలు కూర్చుని బట్టలు కుట్టే వరండా గుర్తుందని రాసింది. మేడ మీద ఒక చోట అమ్మ తనని కూర్చోబెట్టి జారనిచ్చేదని రాసింది. కలలో అమ్మ కనిపిస్తుందట. కానీ తను మాట్లాడే ఇంగ్లీషు అమ్మకి అర్థం కాదట.

అమ్మమ్మ 1847లో పోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. 1852లో రస్సెల్ పోతూ ఆ పటాన్ని కిట్టీకి రాసిచ్చాడు. 1889లో కిట్టీ ఇంగ్లాండులోని టార్కీలో కన్నుమూసింది. హైదరాబాదు మళ్లీ చూడలేదు.

రంగ్‌మహల్ కూల్చేశారు. గేటు మిగిలింది. మేడ నిలబడింది. 1949 నుంచి అందులో ఆడపిల్లలు చదువుకున్నారు. కోఠీ ఉమెన్స్ కాలేజీ అంటే తెలియనిదెవరికి? ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం.

కాకినాడలో రాత్రి గౌతమి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. ఈసారి వెళ్లినప్పుడు కోఠీలో దిగండి. లోపలికి వెళ్లడానికి అనుమతి అడగండి. ఆరు స్తంభాలు చూసి వెనుదిరిగి వచ్చేయకండి. వెనక తోటలోకి నడిచి ఆ బొమ్మమేడ దగ్గర, ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి రండి.