బచ్చా రైలు: ఒక ఖాందాన్ అడవిలో వేసిన పట్టాలు



1979లో మా అబ్బా మర్హూమ్ గల్ఫ్ వీసా కోసం మొదటిసారి బొంబాయి పోయాడు. అప్పటిదాకా ఆర్మూర్‌లో పసుపు బస్తాలు మోసిన భుజం ఆయనది. హైదరాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి బొంబాయి రైలు. పుణె దాటి, కర్జత్ దాటాక తెల్లారుతుండగా బండి ఒక చిన్న స్టేషన్లో సిగ్నల్ కోసం ఆగిందట. కిటికీలోంచి చూస్తే పక్కన ఇంకో రైలు. మనిషి నిలబడి చేయి చాపితే కప్పు అందేటంత పొట్టి డబ్బాలు, ముందు పొగ కక్కుతున్న గుజ్జు ఇంజన్, వెనక పచ్చని పహాడ్. స్టేషన్ పేరు నేరల్.

సెలవులో ఇంటికొచ్చినప్పుడల్లా అబ్బా ఆ ఖిస్సా చెప్పేవాడు. "బచ్చా రైలు బేటా! కానీ దాంట్ల పెద్దోళ్లే కూసున్నరు. కొండ మీదికి పోతదంట. మిమ్మల్ని ఒకసారి తీస్కపోతా" అనేవాడు. పదకొండేళ్లు సౌదీలో తాపీ పని చేశాడు. ఇద్దరు ఆపాల నికా అయింది, స్లాబు ఇల్లు పడింది, మా చదువులు అయినయి. బచ్చా రైలు వాదా మాత్రం అట్లాగే మిగిలిపోయింది.

దాన్ని నాకు మళ్లీ యాది చేసింది నా కొడుకు. ఒకరోజు బడి నుంచి మూతి ముడుచుకుని వచ్చాడు. క్లాసులో ఎవరో పిల్లగాడు "మీవాళ్లు ఈ దేశంలో ఏం కట్టిండ్రు?" అని అడిగాడట. నేను చార్మినార్ అన్నాను, గోల్కొండ అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "వాళ్లు బాద్‌షాలు కద అబ్బూ. మనలాంటోళ్లు ఏం కట్టిండ్రు?"

సవాల్ చిన్నదే. జవాబు కోసం వెతుకుతుంటే అబ్బా చూసిన బచ్చా రైలే దొరికింది. ఆ రైలు వేసింది సర్కారు కాదు, బాద్‌షా కాదు. బొంబాయిలో తిజారత్ చేసుకునే ఒక బోహ్రా ముస్లిం ఖాందాన్. వాళ్ల పేరు పీర్‌భాయ్.

సొంత రైలు అనేది ఆ జమానాలో రయీసుల షౌక్. ఇంగ్లండ్‌లోని డర్బీషైర్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ అనే జమీందారు 1874లో డఫీల్డ్ బ్యాంక్ అనే తన ఇంటి వెనక, చెట్ల మధ్య కొండ వాలు మీద రైలు వేసుకున్నాడు. పట్టాల మధ్య ఎడం 15 అంగుళాలే, అంటే జానెడున్నర కంటే కొంచెం ఎక్కువ. ఇంజన్లు తన వర్క్‌షాపులోనే చేయించాడు. పిల్లలు, మెహమాన్లు ఎక్కి తిరిగేవాళ్లు. అందులో భోజనం చేసే డబ్బా, పడుకునే డబ్బా కూడా ఉండేవి. పెద్ద ఎస్టేట్లలో సామాను మోయడానికి ఇంత చిన్న రైలు చాలని లోకానికి చూపించాలన్నది ఆయన ఖ్వాహిష్. 1916లో ఆయన పోయాక ఆ పట్టాలు కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

మన దేశంలో గ్వాలియర్ మహారాజా మాధవరావ్ సింధియాది కూడా అదే షౌక్. ఆయన దావత్ బల్ల మీద తిరిగే వెండి రైలు జై విలాస్ ప్యాలెస్‌లో ఇప్పటికీ ఉంది. ప్యాలెస్ చుట్టూ సరదాకి వేసుకున్న రెండడుగుల రైలు తర్వాత పెరిగి పెరిగి రియాయా ఎక్కే గ్వాలియర్ లైట్ రైల్వే అయింది.

పీర్‌భాయ్‌ల ఖిస్సా వేరు. వాళ్లు మొదటి రోజు నుంచే పరాయివాళ్ల కోసం పట్టాలు వేశారు.

ముందు ఆ పహాడ్ గురించి చెప్పాలి. బొంబాయికి తూర్పున, సహ్యాద్రి కొండల్లో ఉంది మాథేరాన్. మరాఠీలో మాథా అంటే నెత్తి, రాన్ అంటే అడవి. నెత్తి మీద అడవి ఉన్న కొండ అన్నమాట. 1850లో ఠాణా కలెక్టర్ హ్యూ మాలెట్ ఆ కొండెక్కి చూశాక అది అంగ్రేజ్ దొరల గర్మీ విడిదిగా మారింది. 1850ల్లోనే బొంబాయి నుంచి రైలు ఘాట్ల కింది దాకా వచ్చేసింది. అయితే నేరల్‌లో దిగాక పైకి పోయేదెట్లా? డబ్బున్నోళ్లకు గుర్రం, లేదా మనుషులు మోసే పల్లకీ. లేనోళ్లకు కాళ్లే.

సర్ ఆదమ్‌జీ పీర్‌భాయ్ తరచూ మాథేరాన్ పోయేవాడు. ఒకసారి నేరల్‌లో దిగితే గుర్రమూ పల్లకీ ఏదీ ఖాళీ లేదట. ఆ రోజే ఇక్కడ రైలు వేయిస్తానని ఖసమ్ తిన్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది నిజమో, తర్వాత అల్లిన ముచ్చటో గానీ తారీఖ్‌లో గట్టిగా నిలిచే సంగతి ఇది: పని నెత్తికెత్తుకున్నది ఆయన కొడుకు అబ్దుల్ హుసేన్, పైసలు పెట్టింది తండ్రి. 1900లో మన్సూబా తయారైంది. 1904లో పని మొదలైంది. 1907లో రైలు కొండెక్కింది. ఖర్చు 16 లక్షల రూపాయలు, ఆనాటి రూపాయలు.

ఇంజనీరింగ్ సలహా ఎవరార్డ్ కాల్‌త్రాప్‌ది. ఆ పేరుకు మన నిజాం ఇలాఖాతో కూడా రిష్తా ఉంది. షోలాపూర్ దగ్గరి బార్సీ లైట్ రైల్వే ఆయనదే. ఆ చిన్న పట్టాలు తర్వాత నిజాం రాజ్యంలోని లాతూర్ దాకా వచ్చాయి.

మాథేరాన్ పట్టాల మధ్య ఎడం రెండడుగులు. మనం రోజూ చూసే పెద్ద రైలు పట్టాల ఎడం ఐదున్నర అడుగులు. ఇంత సన్నగా ఎందుకంటే, పట్టా ఎంత సన్నగుంటే మలుపు అంత బిగువుగా తిప్పొచ్చు, కొండను అంత తక్కువ చెక్కొచ్చు. నేరల్ సముద్ర మట్టానికి 40 మీటర్ల ఎత్తులో ఉంటే, మాథేరాన్ సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు ఎక్కడానికి పట్టాలు సుమారు 21 కిలోమీటర్లు పాములాగా చుట్టు తిరుగుతాయి. కొన్ని చోట్ల 20 అడుగులు నడిస్తే ఒక అడుగు పైకి పోయేంత ఏటవాలు. రైళ్లకు అది చాలా ఎక్కువ. గుర్రపు నాడా ఆకారంలో మట్టికట్టలు పోసి బండిని తిప్పారు కాబట్టి ఇంజన్ ఎక్కడా వెనక్కి నడవాల్సిన జరూరత్ రాలేదు. సొరంగం ఒక్కటే, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.

ఇంజన్లు నాలుగు. జర్మనీలోని ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ కంపెనీ నుంచి వచ్చాయి. వాటి ముందు, వెనక ఇరుసులు మలుపును బట్టి పక్కకు జరిగేలా చేశారు. లేకుంటే ఆ వంపుల్లో ఇంజన్ పట్టా తప్పేది. 1980ల మొదట్లో ఆవిరి బంద్ అయ్యేదాకా ఆ ఇంజన్లు కొండెక్కి దిగాయి. అబ్బా చూసింది వాటిలోనే ఒకదాన్ని. ఇప్పుడు ఒకటి ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది, ఒకటి ఇంగ్లండ్ పోయింది.

ఇక ఆ పైసలు ఎక్కడివి అన్న సవాల్. ఇది దాచకుండా చెప్పుకోవాలి. ఆదమ్‌జీ చిన్నప్పుడు వీధుల్లో అగ్గిపెట్టెలు అమ్మాడని చెప్తారు. పెద్దయ్యాక అంగ్రేజ్ ఫౌజ్‌కు గుడారాలు, బూట్లు, ఖాకీ బట్టలు సప్లయ్ చేసే ఠేకేదార్ అయ్యాడు. ధారావిలో తోళ్ల కార్ఖానా నడిపాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి పోయిన ఫౌజ్‌కు కూడా ఆయన సామాను పోయింది. 1897లో బొంబాయి షరీఫ్ అయ్యాడు. కొండ రైలు నడిచిన 1907లోనే సర్ ఖితాబు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో కరాచీలో జరిగిన ముస్లిం లీగ్ మొదటి సాలానా జల్సాకు సదారత్ చేసింది కూడా ఆయనే. చర్నీ రోడ్‌లో బీమారుల కోసం శానటోరియం కట్టించాడు. 1913లో ఇంతఖాల్ అయ్యాడు.

అంటే ఆయన ఫరిష్తా ఏమీ కాదు. పరాయి హుకూమత్ జంగుల మీద కమాయించిన పైసా కూడా అందులో ఉంది. మాథేరాన్ రైలు ఖైరాత్ కూడా కాదు, టికెట్ పెట్టి నడిపిన కంపెనీ. మన మహఫిళ్లలో ఎవరైనా దాన్ని సదఖా జారియా అని గొప్పగా చెప్తే, నేను కొంచెం ఆగి చెప్పమంటాను. కానీ ఇంకో మాట కూడా అనుకుంటాను. ఆ 16 లక్షలతో ఆ ఖాందాన్ బొంబాయిలో ఇంకెన్ని బంగళాలైనా కట్టుకోవచ్చు. హేవుడ్ దొరలాగా తమ తోటలో తమ పిల్లల కోసం రైలు తిప్పుకోవచ్చు. వర్షాకాలం నాలుగు నెలలు మూతపడే కొండ రైలు మీద తొందరగా ముట్టే నఫా ఏముంటుంది? అయినా వేశారు. పల్లకీ మోసే మనుషుల భుజాల మీద పోయే సఫర్ టికెట్ కొన్న ప్రతివాడికీ అందేలా చేశారు. ఖైరాత్ వేరు, తిజారత్ వేరు. తిజారత్‌లో కూడా పదిమందికి పనికొచ్చేదాన్ని ఎంచుకోవడం ఒక నీయత్.

అబ్బా చనిపోయిన నాలుగేళ్లకు, 2023 జనవరిలో అమ్మీని, నా కొడుకును తీసుకుని నేను ఆ వాదా నిలబెట్టడానికి బయల్దేరాను. 2019 వానలకు కొట్టుకుపోయిన పట్టాలు మళ్లీ వేసి 2022 అక్టోబరులో కింది నుంచి పై దాకా రైలు మొదలుపెట్టారు. అంతకుముందు 2005 జూలై వరదకు కూడా అట్లాగే కొట్టుకుపోయి, సరిగ్గా నూరేళ్లు నిండే వేళకు, 2007లో లేచింది. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్కి కల్యాణ్‌లో దిగాం, అక్కడి నుంచి కర్జత్ లోకల్‌లో నేరల్.

రెండు గంటలకు పైగా సఫర్. జుమ్మాపట్టి, వాటర్ పైప్, అమన్ లాడ్జ్, మాథేరాన్ అని స్టేషన్లు. వాటర్ పైప్ అంటే ఒకప్పుడు ఇంజన్ ఆగి నీళ్లు తాగిన చోటు. కిటికీలోకి కొమ్మలు వచ్చి తగులుతున్నాయి. అమ్మీ ఒక చేత్తో తస్బీహ్, ఇంకో చేత్తో కిటికీ చువ్వ పట్టుకుంది. వంపు తిరిగినప్పుడల్లా మా ముందు డబ్బాలు మాకే ఎదురుగా కనిపించాయి. జూ పార్కు రైలు తప్ప చిన్న రైలు ఎరగని నా కొడుకు "ఇది నిజం రైలే అబ్బూ" అన్నాడు. పైన కార్లకు, మోటార్లకు ఇజాజత్ లేదు. ఎర్ర మట్టి బాట, గుర్రాలు, నడిచే మనుషులు.

డబ్బాలో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని "ఈ రైలు ఎవరు వేశారో తెలుసా జీ?" అని అడిగాను. "అంగ్రేజోంనే, ఔర్ కౌన్" అన్నాడు. నేను పీర్‌భాయ్‌ల ఖిస్సా చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ బయటికి చూసి, "నాకు యాభై ఏళ్ల నుంచి వస్తున్న అలవాటు, ఇన్నాళ్లూ తెలియనే లేదు" అన్నాడు. నా కొడుకు అదంతా వింటున్నాడు. కొద్దిసేపటికి వాడే అడిగాడు: "పైసలు వాళ్లు పెట్టిండ్రు సరే. రాళ్లు కొట్టింది ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. కొండను చెక్కి పట్టా వేసిన చేతుల పేర్లు నేను చదివిన ఏ తారీఖ్‌లోనూ రాయలేదు. సౌదీలో అబ్బా కట్టిన గోడల మీద ఆయన పేరు ఉందా? వాడి సవాల్ వల్ల నాకు ఇంకోటి సమఝ్ అయింది. "మనవాళ్లు ఏం కట్టారు" అని అడిగినప్పుడు పీర్‌భాయ్‌ల పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే జవాబు సగమే. మిగతా సగం వాడి దాదా.

మా ఊరికి కూడా ఒక రైలు ఖిస్సా ఉంది. నిజాం కాలంలో మన్మాడ్ పోయే మీటర్ గేజ్ నిజామాబాద్ మీదుగా పోయింది. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆర్మూర్‌కు రాలేదు. పెద్దపల్లి నుంచి నిజామాబాద్ లైనుకు పీ.వీ. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో పునాదిరాయి పడితే, మా స్టేషన్‌కు బండి వచ్చేసరికి 2017. కొండ మీద 21 కిలోమీటర్లకు మూడేళ్లు, మైదానంలో 177 కిలోమీటర్లకు 24 ఏళ్లు. రెండింటినీ ఒకే తరాజులో తూచలేం. భూసేకరణ, బడ్జెట్ల బాధ పీర్‌భాయ్‌లకు ఈ తీరుగా లేదు. కానీ ఎదురుచూసినోళ్ల ఉమ్ర్ వాపసు రాదు కదా.

మొదటి రోజుల్లో అబ్బా చేతికర్ర పట్టుకుని ఆర్మూర్ స్టేషన్‌కు పోయి బండి వచ్చి పోయేదాకా బెంచీ మీద కూర్చునేవాడు. "నా జవానీల వచ్చుంటే బస్తాలు మోసుడు జర తక్కువుండేది" అని నవ్వేవాడు. ఇప్పుడు అప్పుడప్పుడు నా కొడుకు నాతో పాటు అక్కడికి వస్తాడు. ఆ బెంచీ చూపించి వాడికి దాదా ముచ్చట్లు చెప్తాను.

మీ ఇంట్లో కూడా రైలు పట్టా వేసినవాళ్లో, గల్ఫ్‌లో గోడ కట్టినవాళ్లో, మార్కెట్ యార్డులో బస్తా మోసినవాళ్లో ఎవరో ఒక బుజుర్గ్ ఉండే ఉంటారు. వాళ్లు ఉన్నప్పుడే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి అడిగించండి, రాసి పెట్టుకోండి. పీర్‌భాయ్ తండ్రీకొడుకులకు, పేరు తెలియని ఆ రాళ్లు కొట్టిన చేతులకు, మా అబ్బాకు అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.