ఇటలీ గిఫ్ట్ బాక్స్‌కి రెండు వేల ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్ పాలకాయతిప్ప నుంచి. మైకులో గాలి హోరు వినిపిస్తే కాస్త సర్దుకోండి, ఇక్కడ గాలి ఆగదు. కోడూరు దాటి, హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దాటి వస్తే రోడ్డు అయిపోయేది ఇక్కడే. ఈ పక్కనే కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది.

పండగ సీజన్ వస్తే చాలు, "అన్నా, మా ఫ్రెండుకి తిండి అంటే ప్రాణం, ఇటలీ ఐటమ్స్ గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నా, ఏవి కొనాలి?" అని అడుగుతుంటారు. చరిత్ర చెప్పేవాణ్ణి ఇదేం అడగడం అనుకోకండి. ఇండియాలో పెద్దవాళ్ళని మంచి చేసుకోవడానికి ఇటలీ సరుకు తేవడం రెండు వేల ఏళ్ళ నాటి పని. మన తీరానికి కూడా అందులో వాటా ఉంది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, ఈజిప్టు నుంచి ఓడల్లో తిరిగిన ఒక గ్రీకు వ్యాపారి ఒక చిన్న పుస్తకం రాశాడు. పేరు పెరిప్లస్. రాసినవాడి పేరు లేదు. ఏ రేవులో ఏం అమ్ముడుపోతుంది, ఏం కొనొచ్చు అని రాసుకున్న వ్యాపారి నోట్‌బుక్ అది. అందులో గుజరాత్‌లోని బరిగజ, అంటే ఇప్పటి భరూచ్, దిగుమతుల్లో మొదట కనిపించేది ద్రాక్షసారా. అందులోనూ ముఖ్యంగా ఇటలీదే కావాలట! సిరియా వైపుది, అరేబియాది తర్వాత. రాజుగారికి ఇవ్వాల్సిన వాటికి వేరే లిస్టు: వెండి పాత్రలు, పాటలు పాడే కుర్రాళ్ళు, అందమైన అమ్మాయిలు, మేలురకం సారా, సన్నటి బట్టలు, అత్తర్లు. మనుషుల్ని కూడా గిఫ్టుల లిస్టులో రాసుకున్న కాలం అండి అది. ఈ లిస్టుని ముచ్చటగా చదివేసి ఊరుకోవడం నావల్ల కాదు.

అదే పుస్తకంలో మన తీరం పేరు మసాలియ. ఇక్కడ సన్నబట్ట విపరీతంగా తయారవుతుందని రాశాడు. తర్వాతి శతాబ్దంలో టాలమీ రాసిన భూగోళంలో ఇక్కడి రేవుల్లో కంటకోస్సుల అని ఒకటి కనిపిస్తుంది. అదేంటంటే మన ఘంటసాల. పాటల ఘంటసాల గారు కాదు, ఊరు. ఆయన ఇంటిపేరు కూడా ఊరి పేరే అనుకోండి. అక్కడి బ్రాహ్మీ శాసనాల్లో ఊరి పేరు కంటకసోల అనే ఉంది. శివకుడు అనే మహానావికుడి ప్రస్తావన కూడా ఉంది. మహానావికుడు అంటే ఇప్పటి లెక్కలో పెద్ద షిప్ కెప్టెన్. ఆ ఊళ్ళో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఇప్పుడు ఘంటసాల వెళ్తే వరిచేలే, సముద్రం కనిపించదు. కృష్ణ ఒండ్రు తెచ్చి పోస్తూ పోస్తూ నేలని సముద్రంలోకి జరిపేసింది. నేను నిలబడ్డ ఈ తిప్ప కూడా ఏరు, కెరటాలు కలిసి పోసిన మట్టే.

ఇదే తీరం వెంట దక్షిణంగా పోతే పుదుచ్చేరి పక్కన అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించాడు. ఆంఫొరా జాడీల ముక్కలు బయటపడ్డాయి. ఆంఫొరా అంటే రెండు చెవులుండి, కింద కోసుగా ఉండే పొడుగాటి మట్టి జాడీ. రోమన్ల కొలతలో ఒక ఆంఫొరా అంటే సుమారు 26 లీటర్లు. లోపల జిగురు పూత ఉంటే అది సారా జాడీ అని చెప్పొచ్చు. కొన్నింటి మట్టిలో నల్లటి అగ్నిపర్వత ఇసుక ఉంది. అది నేపుల్స్, పాంపే ప్రాంతం మట్టి. వెసూవియస్ కొండ ఇసుక మన బంగాళాఖాతం ఒడ్డున దొరికిందన్నమాట!

నాకు అసలు నచ్చిన విషయం దీని తర్వాతది. అక్కడ ఆలివ్ నూనె జాడీలు, చేపల సాస్ జాడీలు కూడా దొరికాయి. ఆ సాస్ పేరు గారమ్. ఈ ముక్కల్ని పరిశీలించిన ఎలిజబెత్ లిడింగ్ విల్ అనే నిపుణురాలు ఏమన్నారంటే, సారా అయితే ఇక్కడివాళ్ళూ కొంటారు గానీ, నూనె, గారమ్ మాత్రం ఇక్కడ మకాం పెట్టిన పడమటి దేశాలవాళ్ళ సొంత వంటకే అయ్యుంటాయని. నాకు ఈ మాట సబబుగా అనిపిస్తుంది. మనకి నువ్వులనూనె ఉంది, నెయ్యి ఉంది. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఇంటి తిండి కావాలి, అంతే. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ళు సూట్‌కేసులో ఆవకాయ పట్టుకెళ్ళినట్టు.

ఇటు నుంచి బట్ట, మిరియం, ముత్యం పోతుంటే అటు నుంచి బంగారం వచ్చేది. ప్లినీ అనే రోమన్ రచయితకి దాని మీద మంట. ఏటా 5 కోట్ల సెస్టర్సుల డబ్బు ఇండియా లాగేస్తోందని రాశాడు.

తర్వాత పన్నెండు వందల ఏళ్ళు ముందుకి వద్దాం. ఏరు దాటితే మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు లాక్కునేవాళ్ళు. ఇకమీదట లాక్కోము, సుంకం మాత్రం కట్టండి అన్నాడాయన. ఆ సుంకాల పట్టీలో కర్పూరం, పన్నీరు, మిరియాలు, వక్కలు అన్నీ ఉన్నాయి. ఆ శతాబ్దం చివర్లో వెనిస్ వాడు మార్కోపోలో ఈ రేవు గురించి రాశాడు. ఇటలీ వాడు మెచ్చుకున్నది మళ్ళీ మన బట్టనే, సాలెగూడులా ఉందని.

బందరు కాలం వచ్చేసరికి బహుమతి అంటే మర్యాద కాదు, ఫీజు. 1605లో డచ్చి ఓడ, 1611లో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ మచిలీపట్నం వచ్చాయి. గోల్కొండ సుల్తాను దగ్గరికి, ఇక్కడి హవల్దారు దగ్గరికి ఉత్త చేతులతో పోతే పని జరగదు. డచ్చివాళ్ళ చేతిలో లవంగం, జాజికాయ ఉన్నాయి, అవే సమర్పించేవాళ్ళు. కోస్తా మీద ఇటలీ పేరు వినిపించేది మనూచీ దగ్గర. వెనిస్ నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డాడు. 1701లో నవాబు దావూద్‌ఖాన్ దగ్గరికి ఇంగ్లిష్ వాళ్ళు బహుమతులిచ్చి పంపింది ఇతన్నే.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా.

ముందు చీజ్. పార్మిజానో రెజ్జానో అంటే ఇష్టపడని తిండిప్రియులు తక్కువ. కానీ ఆ పేరు పెట్టాలంటే దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనే పాలు విరగ్గొట్టాలి, అది రూలు. గ్రానా పడానో కూడా అంతే. మీ ఫ్రెండు ఇంట్లో శాకాహారం పాటిస్తే, తెలియకుండా వాళ్ళ వంటింట్లో పెట్టేస్తున్నారు మీరు. ఇది చిన్న విషయం కాదు, స్నేహాలు చెడతాయి. ప్యాకెట్ వెనక మైక్రోబియల్ రెన్నెట్ అని ఉన్న వేరే చీజ్ చూసుకోండి, లేదా మొదలే అడిగేయండి.

బాల్సమిక్ వెనిగర్‌లో రెండు రకాలు. మోదెనా పేరుతో ఐజీపీ ముద్ర ఉన్నది మామూలుది, సలాడ్‌కి బాగుంటుంది. ట్రాడిజియోనాలే అని, డీఓపీ ముద్రతో 100 మిల్లీలీటర్ల బుల్లి సీసాలో వచ్చేది కనీసం 12 ఏళ్ళు చెక్క పీపాల్లో మాగినది. ధర చూస్తే గుండె ఆగుద్ది. రెంటినీ ఒకటే అనుకుని కొనకండి.

ఆలివ్ నూనె ఇచ్చేటట్టయితే ముదురు రంగు సీసా, కాయలు కోసిన సంవత్సరం చూడండి. అది ఊరబెట్టే కొద్దీ రుచి పెరిగే సరుకు కాదు, తాజాగా ఉంటేనే విలువ. ట్రఫుల్ ఆయిల్ మాత్రం నేను కొనను. చాలావాటిలో ఉండేది ఫ్యాక్టరీ వాసన.

మన దివిసీమ వాళ్ళకైతే నా ఓటు కొలతూరాకి. నేపుల్స్‌కి దక్షిణాన అమాల్ఫీ తీరంలో చెతారా అని జాలరి ఊరు. అక్కడ నెత్తళ్ళని ఉప్పుతో పొరలు పొరలుగా చెక్క పీపాల్లో వేసి, బరువు పెట్టి, నెలల తరబడి ఉంచి, ఊరిన రసం పట్టుకుంటారు. గారమ్‌కి మనవరాలు అనుకోండి. 2020లో డీఓపీ గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళవి కూడా నెత్తళ్ళ జాతే. ఇక్కడ ఇసుకలో ఎండబెట్టి వంకాయలో వేసుకునే చేపకి దగ్గరి చుట్టం. ఆ వాసన అలవాటైన ముక్కుకి దీన్ని పరిచయం చేయక్కర్లేదు. వేడి అన్నంలో నాలుగు చుక్కలు చాలు. ఉప్పు మాత్రం వేయకండి, అందులోనే బోలెడు ఉంటుంది.

అటు నుంచి గిఫ్ట్ వస్తే మీరూ ఉత్త చేతులతో ఉండకండి. బందరు తొక్కుడు లడ్డు పంపండి, శుభ్రంగా ప్యాక్ చేయించి.