చిన్న గాజు పూసలు – దిగుమతి సుంకం వర్గీకరణ

మంగళసూత్రంతోపాటు ధరించే నల్లపూసలు మొదలుకొని మగ్గం పనివారు పట్టుచీరె అంచుపై కుట్టే ఆవగింజంత రంగు పూసల వరకు గాజు పూస తెలుగువారి నిత్యజీవితంలో భాగమై ఉన్నది. ఈ పూసలు విదేశాల నుండి ఓడరేవుకు చేరినప్పుడు వాటిని సుంకాల పట్టికలో ఏ శీర్షిక క్రింద చూపవలెనన్నది చిన్న ప్రశ్నగా కనిపించినా, సమాధానం తప్పినచో చిన్న వర్తకునిపై ఏళ్ళ తరువాత కూడ అదనపు సుంకం, వడ్డీ, జరిమానా పడే అవకాశమున్నది. కస్టమ్స్ సుంకం కేంద్ర ప్రభుత్వ పరిధిలోని అంశమే అయినప్పటికీ, రాష్ట్రంలోని హస్తకళాకారులకు, వర్తకులకు నేరుగా సంబంధించినది గనుక పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ వివరాలు ఇవ్వబడుచున్నవి.

బ్రస్సెల్స్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హార్మొనైజ్డ్ సిస్టం 1988 జనవరి 1 నుండి అంతర్జాతీయంగా అమలులోకి వచ్చినది. భారతదేశం అంతకు ముందే, 1986లో, 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టపు మొదటి షెడ్యూలును ఈ పద్ధతికి అనుగుణంగా మార్చుకొన్నది. మొదటి ఆరు అంకెలు అన్ని సభ్యదేశాలకు ఉమ్మడి. చివరి రెండంకెలు మన దేశం చేర్చుకొన్నవి. ఎనిమిదంకెల పద్ధతి 2003 నుండి అమలులో ఉన్నది.

గాజు, గాజు సామగ్రి 70వ అధ్యాయంలో ఉన్నవి. అందులో 7018 శీర్షిక గాజు పూసలకు, అనుకరణ ముత్యాలకు, అనుకరణ రత్నాలకు, అటువంటి చిన్న గాజు వస్తువులకు ఉద్దేశించినది. భారతీయ పట్టికలో 7018 10 10 గాజులకు, 7018 10 20 పూసలకు కేటాయించబడినవి. తెలుగులో పదార్థానికీ, చేతికి వేసుకొనే ఆభరణానికీ "గాజు" అన్న మాటే వాడుకలో ఉన్నందున ఈ రెండు పక్కపక్క సంఖ్యలు వార్తలలో తారుమారు కాకుండ జాగ్రత్త వహించవలసి ఉన్నది.

అసలు చిక్కు వచ్చేది 7018 20 వద్ద. ఇది 1 మిల్లీమీటరుకు మించని వ్యాసం గల గాజు సూక్ష్మగోళాలకు సంబంధించినది. రహదారులపై తెల్లగీతలు రాత్రివేళ వాహనాల వెలుగుకు మెరిసేందుకు రంగుపై చల్లే గాజు రేణువులు ఈ కోవలోనివి. రహదారి పనుల టెండర్లలో వీటిని కూడ "గ్లాస్ బీడ్స్" అనియే వ్రాయుట పరిపాటి. పేరు ఒకటే అయినా వస్తువు వేరు. సూక్ష్మగోళం లోపల బోలు లేని నిండు గోళం. దానికి రంధ్రం ఉండదు. దారానికి గుచ్చేందుకు రంధ్రమున్న పూస ఎంత చిన్నదైనా పూసయే.

హస్తకళలలో వాడే పూసల కొలత మరొక తికమకకు కారణమగుచున్నది. ఈ వర్తకంలో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదగును. 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 నంబరు సుమారు 2 మిల్లీమీటర్లు, 15 నంబరు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండును. పెట్టెపై "15" అని చూచి పెద్ద పూసలని భావించరాదు. చెక్ దేశంలోని యాబ్లొనెట్స్ ప్రాంతం, జపాన్‌లోని హిరోషిమా ప్రాంతం ఈ సన్నపూసల తయారీకి ప్రసిద్ధి.

పూస తయారయ్యే క్రమం తెలిసినచో వర్గీకరణ సులభమగును. ఇందుకు దూరం పోనక్కరలేదు. నేటి తిరుపతి జిల్లాలో, పూర్వపు చిత్తూరు జిల్లాలో, ఏర్పేడు సమీపాన గల పాపానాయుడుపేట సాగదీసిన గాజు పూసలకు పేరెన్నిక గన్న గ్రామం. పూసల చరిత్రపై పరిశోధన చేసిన అమెరికా పండితుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇక్కడి పద్ధతిని పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో ప్రాచీన కాలమున అనుసరించిన పద్ధతికి కొనసాగింపుగా గుర్తించినారు. ఆగ్నేయాసియా నుండి ఆఫ్రికా తీరం వరకు లభించిన ఇటువంటి పూసలకు "ఇండో-పసిఫిక్ పూసలు" అన్న పేరు పెట్టినదీ ఆయనే. కరిగిన గాజు ముద్దను లాడా అనే బోలు ఇనుప గొట్టం కొనకు చుట్టి, కొలిమిలో ఉంచి, నడుమ రంధ్రం నిలిచేటట్లు చేసి, ఎదుటి వైపు నుండి పనివాడు చేతులు మార్చుకొంటూ సన్నని గొట్టంగా లాగుతాడు. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి మరల వేడిచేయగా పదునైన అంచులు కరిగి గుండ్రనగును. బూడిద లేనిచో ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కొనును.

సుంకాల పట్టికలో ఈ దశలు వేర్వేరు శీర్షికలలో ఉన్నవి. పగిలిన గాజు ముక్కలు, గాజు ముద్ద 7001లోనికి వచ్చును. తదుపరి పని ఏదీ జరగని గొట్టాలు, కడ్డీలు, సూక్ష్మగోళాలు కాని గోళీలు 7002కు చెందును. నరికి గుండ్రన చేసిన పిదపనే 7018. పొడి లేదా రేకుల రూపంలోని గాజు మాత్రం 70వ అధ్యాయంలోనే ఉండదు, అది 3207.

పదార్థం మారినచో అధ్యాయమే మారును. ప్లాస్టిక్ పూసలు 39వ అధ్యాయానికి, సామాన్య లోహపు పూసలు, చమ్కీలు 8308కి పోవును. హైదరాబాదు బజారులో అమ్మే ముత్యాలలో సహజమైనవి, పెంపకపువి 7101. గాజుతో చేసిన అనుకరణ ముత్యాలు 7018. చూపుకు అన్నీ ఒకటిగానే ఉండును గనుక ప్రయోగశాల పరీక్షకు నమూనా పంపవలసి రావచ్చును.

పూస నగగా మారిన క్షణాన 71వ అధ్యాయం ప్రారంభమగును. గాజు పూసలతో కూర్చిన హారం అనుకరణ ఆభరణంగా 7117 క్రిందికి, బంగారంతో కలిపి అల్లిన నల్లపూసల గొలుసు 7113 క్రిందికి వచ్చును. పూసలు కుట్టిన వస్త్రపు పీస్ ఎంబ్రాయిడరీగా 58వ అధ్యాయంలో చేరును. ఆ అధ్యాయపు నోట్సులో పూసల కుట్టుపని స్పష్టంగా పేర్కొనబడినది. సూది, దారం, పూసలు ఒకే పెట్టెలో వచ్చే సెట్ల విషయంలో వ్యాఖ్యాన సూత్రాలలోని 3(బి) ప్రకారం ఆ సెట్టుకు ముఖ్య స్వభావాన్ని ఇచ్చే వస్తువును బట్టి నిర్ణయించవలెను.

2011 నుండి దిగుమతిదారు స్వయంగా సుంకం మదింపు చేసుకొనే విధానం అమలులో ఉన్నది. అంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో వ్రాసిన సంఖ్యకు బాధ్యత ఆయనదే. తక్కువ సుంకం చెల్లించినట్లు తేలినచో సాధారణంగా 2 సంవత్సరాల లోపు, ఉద్దేశపూర్వకంగా వివరాలు దాచినట్లయితే 5 సంవత్సరాల లోపు 1962 నాటి కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ క్రింద నోటీసు ఇవ్వవచ్చును. ఇన్వాయిస్‌లో "క్రాఫ్ట్ మెటీరియల్" అని మాత్రమే వ్రాసి పంపే సరుకుకే ఈ ఇబ్బంది ఎక్కువ. పదార్థం, రంధ్రం, కొలత, గుచ్చినవా విడివా అన్న నాలుగు వివరాలు ఇన్వాయిస్‌లోనే ఉన్నచో వివాదానికి చాలావరకు తావుండదు.

అనుమానమున్నవారు సరుకు తెప్పించుటకు ముందే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీకి దరఖాస్తు చేసుకొనవచ్చును. ఢిల్లీ, ముంబయిలలో ఈ అథారిటీలు 2021 నుండి పనిచేయుచున్నవి. ఇచ్చిన నిర్ణయం దరఖాస్తుదారునికి, అతని విషయమై కస్టమ్స్ అధికారులకు వర్తించును. సుంకపు రేటు మాత్రం బడ్జెట్టుతోను, నోటిఫికేషన్లతోను మారుచుండును. దానిపై సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి, ఐ.జి.ఎస్.టి. కూడ ఉండును. కావున వార్తలో రేటు పేర్కొనునపుడు అది ప్రాథమిక సుంకమా, మొత్తం భారమా అన్నది, ఏ తేదీ నాటిదన్నది తెలుపవలెను.